సమాధి రాయి పెట్టే ముందు

మనిషి పోయినా పేరు మిగలాలని మన ఆశ. అందుకే సమాధి మీద రాయి పెడతాం. క్రైస్తవులు పెడతారు. ముస్లింలలో కొందరు పెడతారు. హిందువుల్లో కూడా పూడ్చిపెట్టే ఆచారం ఉన్న కులాలు చాలా ఉన్నాయి. వాళ్ళూ సమాధి కట్టుకుంటారు.

రాయి పెట్టడం ప్రేమతో చేసే పని. ఖర్చుతో కూడిన పని కూడా. దుఃఖంలో ఉన్నప్పుడు లెక్కలు అడగబుద్ధి కాదు. ఎవరేది చెబితే దానికి సరే అంటాం. తర్వాత అప్పు మిగులుతుంది. ఒక్కోసారి తెచ్చిన రాయి శ్మశానం గేటు దగ్గరే ఆగిపోతుంది. "ఇంత పెద్ద రాయి ఇక్కడ పెట్టనివ్వం" అంటారు. అందుకని ముందే కొన్ని సంగతులు తెలుసుకుందాం.

స్థలం ఎవరిది?

ఊరి శ్మశానాన్ని పంచాయతీ చూసుకుంటుంది. పట్నంలో మునిసిపాలిటీ చూసుకుంటుంది. ఇవి కాక ప్రైవేటు శ్మశానాలు ఉన్నాయి. కొన్ని చర్చివాళ్ళవి. కొన్ని కుల సంఘాలవి. కొన్ని ట్రస్టులవి. ఖబరస్తాన్‌ను ముతవల్లి గాని, కమిటీ గాని చూసుకుంటారు.

ఇలాంటి చోట మనం డబ్బు కట్టి స్థలం తీసుకుంటాం. ఇక ఆ నేల మనదే అనుకుంటాం. చాలాచోట్ల అది నిజం కాదు. నేల కమిటీదే. అక్కడ పూడ్చుకునే హక్కు, వాళ్ళు ఒప్పుకున్న రాయి పెట్టుకునే హక్కు మాత్రమే మనవి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు ఇంటివాళ్ళను అడగకుండా గోడ కడతారా? కట్టరు కదా. ఇదీ అంతే.

నియమాలు అన్నిచోట్లా ఒకటిగా ఉండవు. పక్క ఊళ్ళో ఒప్పుకున్నది మన ఊళ్ళో ఒప్పుకోకపోవచ్చు.

నియమాలు ఎందుకు?

కమిటీవాళ్ళు మనల్ని ఏడిపించడానికి పెట్టారనుకోకండి. చాలా నియమాలకు కారణం ఉంది.

ఒకటి, కొలత. సమాధి ఆరేడు అడుగుల పొడవు, రెండున్నర మూడు అడుగుల వెడల్పు ఉంటుంది. కట్టడం ఆ కొలత దాటితే పక్క సమాధి మీదకు పోతుంది. నడిచే దారి మూసుకుపోతుంది. రేపు ఇంకొకరిని మోసుకొచ్చేవాళ్ళకు చోటు ఉండదు.

రెండు, సమానం. కలవాళ్ళు మేడలాంటి సమాధి కడతారు. లేనివాళ్ళు మట్టి దిబ్బ చూసి కుమిలిపోతారు. కొన్నిచోట్ల అందుకే అందరికీ ఒకే కొలత పెడతారు. యుద్ధంలో చనిపోయిన సైనికుల కోసం 1917లో ఇంగ్లండులో ఒక సంఘం పెట్టారు. ఆ సంఘం చూసుకునే శ్మశానం ఒకటి చెన్నైలో ఉంది. వాళ్ళ నియమం ఏమిటంటే, పెద్ద అధికారి అయినా మామూలు సిపాయి అయినా రాయి ఎత్తు ఒక్కటే. అది 2 అడుగుల 8 అంగుళాలు.

మూడు, ఆచారం. కొన్ని ఖబరస్తాన్లలో పక్కా కట్టడం వద్దంటారు. మట్టి దిబ్బే ఉంచుతారు. అక్కడి పెద్దలను అడిగి తెలుసుకోవాలి.

నాలుగు, క్షేమం. ఇది అన్నిటికన్నా ముఖ్యం.

రాయి బరువు ఎంత?

ఒక లెక్క చేద్దాం. గ్రానైట్ రాయి ఒక ఘనపు అడుగు ఉంటే సుమారు 75 కిలోలు తూగుతుంది. మూడడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు, నాలుగు అంగుళాల మందం ఉన్న రాయి రెండు ఘనపు అడుగులు అవుతుంది. అంటే 150 కిలోలు. ఒకటిన్నర క్వింటాలు!

సమాధి తవ్వి పూడ్చిన మట్టి గుల్లగా ఉంటుంది. వానలు పడేకొద్దీ అణుగుతుంది. లోపల పెట్టె కుంగితే పైన మట్టి ఇంకా దిగుతుంది. ఆ మట్టి మీద వెంటనే బరువైన రాయి నిలబెడితే ఒరిగిపోతుంది. బండ పరిస్తే పగులుతుంది. దాని పక్కన పిల్లలు ఆడుకుంటూ ఉంటే ఏమవుతుందో ఆలోచించండి.

అందుకే చాలా శ్మశానాల్లో ఆరు నెలలో, ఏడాదో ఆగమంటారు. కనీసం ఒక వానాకాలం గడవనిస్తే మంచిది. అంతవరకు చిన్న చెక్క మీద పేరు రాసి పెట్టుకోవచ్చు. రాయి పెట్టేటప్పుడు కింద కాంక్రీటు పునాది వేయాలి. రాయిని పునాదికి తుప్పు పట్టని చువ్వలతో బిగించాలి.

అక్షరం మీ చేతిలో ఉంది

రాయి మీద ఏం రాస్తారో ముందుగా కమిటీకి చూపించమంటారు. పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ సాధారణంగా రాస్తారు. వాక్యమో, బొమ్మో పెట్టాలంటే ఒప్పుకుంటారో లేదో అడగాలి.

ఇప్పుడు మీకు చదవడం వచ్చు. రాయి చెక్కేవాళ్ళకు మాటలు నోటితో చెప్పి ఊరుకోవద్దు. కాగితం మీద రాసి ఇవ్వండి. చెక్కేముందు రాయి మీద గీసిన అక్షరాలను ఒక్కొక్కటిగా వేలు పెట్టి చదవండి. కొమ్ము ఉందా? దీర్ఘం ఉందా? తేదీ సరిగ్గా ఉందా? కాగితం మీద తప్పు పోతే కొట్టేస్తాం. రాయి మీద తప్పు పోతే కొట్టేయలేం.

ఇంకో మాట. కొందరు ఆడవాళ్ళ రాళ్ళ మీద "ఫలానావారి భార్య" అనే మాటే పెద్దగా ఉంటుంది. ఆమె పేరు చిన్నగా ఉంటుంది. లేదా ఉండనే ఉండదు. బతికినన్నాళ్ళూ ఇంటికి చాకిరీ చేసిన అమ్మ పేరు ముందు రాయించండి. మిగతావి తర్వాత.

డబ్బు కట్టే ముందు

కమిటీని ఈ ప్రశ్నలు అడగండి.

రాయి కొలత ఎంతవరకు ఉండొచ్చు? ఎలాంటి రాయి పెట్టాలి? ఎన్నాళ్ళు ఆగాలి? రాయి పెట్టడానికి రుసుము ఎంత? ఏటా ఏమైనా కట్టాలా? మనకు నచ్చిన మేస్త్రీని తెచ్చుకోవచ్చా? రాయి ఒరిగితే ఎవరు బాగుచేయించాలి? ఎన్నేళ్ళ తర్వాత ఆ చోట ఇంకొకరిని పూడుస్తారు? అప్పుడు మన రాయి ఏం చేస్తారు?

చివరి రెండు ప్రశ్నలు కష్టంగా ఉంటాయి. అయినా అడగాలి. చోటు చాలని శ్మశానాల్లో పాత సమాధుల్లోనే మళ్ళీ పూడుస్తారు.

జవాబులు కాగితం మీద రాయించుకోండి. కట్టిన ప్రతి రూపాయికీ రశీదు తీసుకోండి. రశీదు మీ పేరున ఉండాలి. రేపు రాయి మార్చాలన్నా, పక్కన మరో పేరు చేర్చాలన్నా కమిటీ ఆ పేరు ఉన్నవాళ్ళనే అడుగుతుంది. భర్త పోయిన అక్కలు ఇది మరిచిపోవద్దు.

రాయి చెక్కేవాళ్ళకు మొత్తం డబ్బు ముందే ఇవ్వొద్దు. కొంత అడ్వాన్సు ఇవ్వండి. మిగతాది రాయి నిలబెట్టాక ఇవ్వండి. కమిటీ అనుమతి వచ్చాకే రాయి కొనండి.

రాయి కన్నా ముందు కాగితం

సమాధి రాయి ఏ ఆఫీసులోనూ సాక్ష్యంగా చెల్లదు. వితంతు పింఛనుకు, బీమా డబ్బుకు, బ్యాంకు ఖాతాకు మరణ ధ్రువపత్రం కావాలి. 1969 నాటి చట్టం ప్రకారం 21 రోజుల్లోపు మరణం నమోదు చేయించాలి. ఊళ్ళో పంచాయతీ ఆఫీసులో, పట్నంలో మునిసిపల్ ఆఫీసులో చేయించండి. ఆస్పత్రిలో చనిపోతే ఆస్పత్రివాళ్ళే తెలియజేయాలి. తెలియజేశారో లేదో మీరు అడగండి. గడువులో నమోదు చేయిస్తే మొదటి పత్రం ఉచితం.

రాయికి తొందర లేదు. ఏడాది ఆగినా పరవాలేదు. పత్రానికి గడువు ఉంది.

చేతిలో డబ్బు లేకపోతే అప్పు చేయవద్దు. సున్నం కొట్టిన చిన్న దిమ్మ మీద పేరు రాసినా చాలు. నవంబరు 2న సమాధుల పండుగ చేసుకునేవాళ్ళు చిన్న దిమ్మ దగ్గరా కొవ్వొత్తి వెలిగిస్తారు, పెద్ద రాయి దగ్గరా వెలిగిస్తారు. పోయినవాళ్ళ పిల్లలు కడుపు నిండా తిని బడికి పోతే అంతకన్నా పెద్ద గుర్తు ఏముంది?

కలిసి మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో శ్మశానాన్ని ఎవరు చూసుకుంటున్నారు?
2. అక్కడి నియమాలు రాసి పెట్టారా? లేకపోతే బోర్డు మీద రాయించమని అడగగలరా?
3. అక్కడి పాత రాళ్ళ మీద ఆడవాళ్ళ పేర్లు ఎన్ని ఉన్నాయి? చదివి లెక్కపెట్టండి.