పాత మోటారు సైకిళ్లు: తొలి కొనుగోలుకు బుల్లెట్ వైపే మొగ్గు

పాత మోటారు సైకిళ్లు ఇప్పుడు తుక్కు లెక్కలో లేవు. తయారీ నిలిచిపోయిన బండ్లకు గిరాకీ బలంగా ఉంది. కొత్త సరఫరా లేదు కనుక ఉన్న నిల్వే చేతులు మారుతోంది. వర్తకులలో పలువురు సరదాకో, మదుపుకో ఈ సరుకు వైపు చూస్తున్నారు. అయితే తొలిసారి కొనేవారిలో కొందరు అపురూపమైన బండి కోసం పోయి, విడిభాగాలు దొరక్క, కాగితాలు చెల్లక పెట్టుబడిని ఇరికించుకుంటున్నారు. తొలి బండికి చూడవలసింది అరుదుదనం కాదు. కాగితాలు, విడిభాగాలు, తిరిగి అమ్మితే కొనేవారు - ఈ మూడే ముఖ్యం.

నాలుగు రకాల సరుకు

బేరాలు ప్రధానంగా నాలుగు రకాలపై సాగుతున్నాయి.

బుల్లెట్ 350: మద్రాసు మోటార్స్, ఇంగ్లండు రాయల్ ఎన్‌ఫీల్డ్ కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పాయి. 346 సి.సి. పోత ఇనుప ఇంజను మద్రాసు శివారు తిరువొత్తియూరులో అర్ధ శతాబ్దం పాటు దాదాపు ఒకే నమూనాలో తయారైంది. అందుచేత ఢిల్లీ కరోల్ బాగ్ మొదలు విజయవాడ ఆటోనగర్ వరకు విడిభాగాలకు, మెకానిక్కులకు కొదవ లేదు. బండ్ల సంఖ్య ఎక్కువ కాబట్టి ధర దూకుడుగా పెరగదు. కాని అమ్మదలచిన రోజున కొనేవాడు దొరుకుతాడు. పాత రకాలలో గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉంటాయి. దీనికి అలవాటు పడాలి.

యెజ్డీ: మైసూరు ఐడియల్ జావా కంపెనీ సరుకు. మొదట జావా పేరుతో, తరువాత యెజ్డీ పేరుతో వచ్చింది. కంపెనీ 1996లో మూతపడింది. 250 సి.సి. టూ స్ట్రోక్ ఇంజను సులువైనది. కిక్కు, గేరు ఒకే లివరుతో పనిచేస్తాయి. రోడ్‌కింగ్ రకానికి ఆదరణ ఎక్కువ. బుల్లెట్ తరువాత స్థానం దీనికే ఇవ్వవచ్చు.

ఆర్‌ఎక్స్ 100: యమహా పేరుతో 1985 నుంచి 1996 వరకు తయారైంది. 98 సి.సి., 11 హార్స్ పవర్. విడిభాగాలు దొరుకుతాయి. గిరాకీ తీవ్రంగా ఉంది, దానితోపాటు కల్తీ కూడా ఉంది. అదే వంశానికి చెందిన ఇతర బండ్లను స్టిక్కరు మార్చి ఈ పేరుతో అంటగట్టే ప్రమాదం ఉంది.

రాజ్‌దూత్ 350: ఎస్కార్ట్స్ 1983లో విడుదల చేసిన ఈ బండికి రెండు సిలిండర్లు, ఆరు గేర్లు ఉన్నాయి. పెట్రోలు ఖర్చు, విడిభాగాల ధర అప్పట్లో దీనిని దెబ్బ తీశాయి. అమ్ముడుపోని ఆ బండే నేడు ఎక్కువ ధర పలుకుతోంది. అసలు విడిభాగాలు అరుదు. అనుభవం వచ్చాక కొనవలసిన సరుకు ఇది.

సరుకు పరీక్ష

ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. ముందే వేడి చేసి ఉంచిన బండి లోపాలను దాస్తుంది. బుల్లెట్ వేడెక్కిన తరువాత కూడా నీలి పొగ వదిలితే ఆయిల్ కాలుతున్నట్టు లెక్క. యెజ్డీలో తెల్లపొగ ఆగకపోతే క్రాంక్ సీలు పోయి గేరుబాక్సు ఆయిల్ లోపలికి వస్తున్నదని అనుమానించాలి. ట్యాంకు, మడ్‌గార్డులు, మీటరు, సైలెన్సరు అసలువేనా చూడాలి. లోపించిన ప్రతి భాగానికి ధర కట్టి బేరంలో తగ్గించాలి. విడివిడిగా గోనెసంచిలో ఉన్న బండి చవకగా కనిపించినా, పూర్తి చేసేసరికి నడిచే బండి కంటే ఎక్కువ ఖర్చు కావచ్చు.

నిల్వ ఉంచేవారు ట్యాంకు, కార్బురేటరు ఖాళీ చేయడం మంచిది. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను పాడు చేస్తుంది.

కాగితాలే కీలకం

ఆర్.సి. పుస్తకంలోని ఛాసిస్, ఇంజను నంబర్లను బండి మీది నంబర్లతో అంకె అంకె సరిచూడాలి. కొట్టివేతలు, మళ్లీ గుద్దిన గుర్తులు ఉంటే బేరం వదలుకోవాలి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు తీరిపోతుంది. తరువాత ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. పొరుగు రాష్ట్రపు బండికి నిరభ్యంతర పత్రం కావాలి. యజమాని మరణించి ఉంటే వారసుల ద్వారా బదిలీ జరగాలి. ఏనాటిదో ఫైనాన్సు అప్పు ఆర్.సి.లో కొట్టివేయకుండా మిగిలి ఉన్నా బదిలీ ఆగుతుంది. ఇవన్నీ బయానా ఇవ్వక ముందే తేలాలి.

50 ఏళ్లు దాటిన బండ్లకు 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ లభిస్తుంది. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. అయితే ఆ నంబరుతో ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజూ తిరగడానికి వీలులేదు. 1983 నాటి రాజ్‌దూత్ 350కి 2033 వరకు, 1985 నాటి ఆర్‌ఎక్స్ 100కు 2035 వరకు ఆ అర్హతే రాదు.

మొత్తం మీద తొలి కొనుగోలుకు అన్ని భాగాలూ ఉండి, ఆర్.సి. చెల్లుబాటులో ఉన్న పోత ఇనుప బుల్లెట్ క్షేమకరం. కాగితాలు లేని బండి ఎంత అందంగా ఉన్నా విడిభాగాల సరుకే. దానికి ఆ ధర మించి పెట్టరాదు.