తుపాకిగుండు పోయువారి యింటిలో సీసము

రేణిగుంటనుండి గూడూరు పోవు రైలుదారిలో ఏర్పేడు ఒక చిన్న మజిలీ. ఈ ప్రాంతమున అడవి అంచున వేరుసెనగ వేసిన రైతును పలుకరించినచో, ఆతడు మొదట వానను గూర్చి చెప్పును. ఆ వెంటనే అడవిపందులను గూర్చి చెప్పును. ఒక్క రాత్రి మంద దిగినదా, తెల్లవారుసరికి చేను దున్నినట్లుండును. పాళెగాళ్ల నాటినుండి ఈ సీమకు అలవాటైన నాటుతుపాకి నేటికిని పూర్తిగా మాసిపోకుండుటకు ఈ బెడద ఒక కారణము. లైసెన్సు లేని తుపాకి ఉంచుకొనుటయు, తూటాలు తయారుచేయుటయు 1959 నాటి ఆయుధముల చట్టము క్రింద నేరములు. అడవిమృగముల వేటకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడ్డుగా నున్నది. ఆ సంగతులు చెప్పుటకు పోలీసువారును, అటవీశాఖవారును కలరు. మేము నేడు ముచ్చటింపదలచినది ఆ తుపాకిలో కూరెడు గుండును గూర్చి. అది పంది మేనిలో దిగినను దిగకున్నను, దానిని పోసినవాని యొడలిలోనికి, ఆతని బిడ్డల యొడలిలోనికి కొంత చేరుచునే యున్నది.

సీసమనగానే సాహిత్యప్రియులకు శ్రీనాథుని పద్యములు జ్ఞప్తికి వచ్చుట సహజము. మన సీసము వేరు. బరువైనది, మెత్తనిది, గోటితో గీసిన గీత పడునది. ఇనుము కరగుటకు 1538 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావలెను. సీసమునకు 327 డిగ్రీలు దాటిన చాలును. కట్టెలపొయ్యి చాలును, మూకుడు చాలును. కొలిమి లేకయే ఇంటిపెరటిలో పని జరుగును గనుకనే తుపాకిగుండ్లు పోయువారు మాత్రమే గాక, విసురువల అంచునకు గుండ్లు కట్టుకొను జాలరులును దీనిని ఇంటనే కరగింతురు. ఈ సౌలభ్యమే దాని ప్రమాదము.

కరగిన సీసమునుండి లేచు ఆవిరియే విషమని చాలమంది తలంతురు. అందు సగము నిజమే యున్నది. గుండ్లు పోయుటకు వలసినంత వేడిలో సీసము ఆవిరియగుట స్వల్పము. 500 డిగ్రీలకు చేరువైనకొలది అది హెచ్చును. కట్టెలమంటపై వేడి ఎంతకు పోయినదో చెప్పగలవారెవరు? అయినను అంతకంటె నిత్యమైన అపాయము పైన కట్టెడు తెట్టులో నున్నది. గాలి తగిలిన సీసము భస్మమువలె మారి బూడిదరంగు పొరగా తేలును. గరిటెతో దానిని తీసి ప్రక్కన నేలపై కొట్టుదురు. అది చల్లారి పొడియగును. ఆ పొడి కాళ్లకు అంటును, పంచె అంచున పట్టును, చీపురుతో ఊడ్చినప్పుడు లేచి మరల దిగును. కంటికి కనబడదు, వాసన లేదు, దగ్గు రాదు.

పాత బ్యాటరీలను పగులగొట్టి ఆ పలకలను కరగించుట అన్నిటికంటె చెడ్డది. ఆ పలకలలో లోహముకంటె సీసపు పొడియే యెక్కువ. దానికి తోడు గంధకికామ్లము. ఆ పని చేసిన పెరడు ఏండ్ల తరబడి శుభ్రపడదు.

ఇక తుపాకి పేల్చువారి సంగతి. మన పిల్లలకు ఈ క్రీడపై మోజు పెరిగినది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీయందు కాంస్యపతకము గెలిచిన పిదప తెలుగునాట తలిదండ్రులే పిల్లలను వెంటబెట్టుకొని రేంజికి పోవుచున్నారు. ఇది సంతోషించదగినదే. ఎయిర్ రైఫిలులో మందు ఉండదు గనుక పొగ లేదు; అయినను పెల్లెట్లు సీసపువే, వానిని నొక్కిన వ్రేళ్లకు సీసము అంటును. పెల్లెటును పెదవుల నడుమ పట్టుకొను అలవాటు కొందరికి గలదు. ఆ అలవాటు మాన్పించుట శిక్షకుని మొదటి పాఠము కావలెను.

మందు గల తుపాకుల తీరు వేరు. తూటా అడుగున నుండు చిన్న క్యాపులో, సుత్తి తగులగనే అంటుకొనుటకై చేర్చెడు పదార్థములలో ప్రధానమైనది సీసముతో కూడిన స్టిఫ్నేటు. దెబ్బ తగిలినప్పుడు అది పొగయై పోవును. వెనుకనుండి తన్నెడు వేడివాయువు గుండు అడుగుభాగమును కొంచెము కరగించి కొనిపోవును. ఈ రెండును కలిసి పేల్చువాని ముఖముచుట్టు క్రమ్మును. ఆరుబయట గాలి దానిని చెదరగొట్టును. నాలుగు గోడల నడుమ, గాలి వెనుకనుండి ముందునకు సాగునట్లు యంత్రములు అమర్చని రేంజిలో మాత్రము ఆ పొగ అక్కడనే నిలుచును. పేల్చువానికంటె దినమెల్ల అందే నిలుచు శిక్షకుడును, ఖాళీ తూటాలను ఏరి నేల ఊడ్చు పనివాడును దానిని ఎక్కువ పీల్తురు. పతకములను గూర్చి వ్రాయువారు ఈ ఊడ్చువానిని గూర్చి ఎన్నడును వ్రాయరు. కార్ఖానాలలోని గాలియందు ఘనమీటరునకు 0.15 మిల్లీగ్రాముల సీసము మించరాదని మన ఫ్యాక్టరీల చట్టము నియమించినది. పెరటిలోని గాలిని కొలుచువారు లేరు.

ఈ ధూళి లోపలికి పోవు దారులు రెండు: ఊపిరి, నోరు. మన భోజనము చేతితో, బీడీ చేతితో, తాంబూలము చేతితో. గుండ్లు పోసి, చేతులపై చెంబెడు నీళ్లు పోసికొని అన్నమునకు కూర్చొన్నవాడు కలిపినది పప్పు మాత్రమే కాదు. పెద్దవాడు తిన్న సీసములో పదియవవంతు ఒంటికి పట్టును, తక్కినది వెడలిపోవును. పసిబిడ్డకు సగమువరకు పట్టును. ఇనుము, సున్నము చాలని బిడ్డకు ఇంకను హెచ్చుగా పట్టును. మన పల్లెలలో రక్తహీనత లేని బిడ్డలెందరు? దోగాడు బిడ్డ నేలపై చేయి యీడ్చి, ఆ చేతిని నోటిలో పెట్టుకొనును. ఇంటిలో ఎన్నడును తుపాకి తాకనివానికి ఎక్కువ భాగము పోవుట ఇట్లే.

లోపలికి పోయిన సీసమును దేహము సున్నమని భ్రమించును. రక్తములోని భాగము నెల దినములలో సగమునకు తగ్గును. కాని అందు కొంత ఎముకలలో చేరి, సున్నముతోపాటు పదుల యేండ్లు అక్కడ కాపురముండును. స్త్రీ గర్భవతియైనప్పుడు ఎముకలనుండి సున్నము బిడ్డకు తరలును గదా, దానితో సీసమును తరలును. తండ్రి పదియేండ్ల క్రిందట ఆ ఇంట పోసిన గుండ్ల ఫలమును ఇట్లు మనుమడు అనుభవించుట వింత కాదు.

అది చేయు హాని నెమ్మదిగలది. రక్తమునకు ఎరుపు కలిగించు పదార్థము తయారగుటను అడ్డగించును. అందువలన పాలిపోవుట, నీరసము. కడుపులో మెలిపెట్టు నొప్పి, మలబద్ధకము, కీళ్లనొప్పులు, కోపము, నిద్రలేమి వచ్చును. పెద్దలలో రక్తపోటు హెచ్చును, మూత్రపిండములు చెడును. మోతాదు మిక్కిలియైనచో మణికట్టు వ్రేలాడును. పిల్లలలో అది మెదడును తాకును. చదువు మందగించును, నిలకడ తగ్గును. బడిలో వెనుకబడిన పిల్లవానిని మొద్దు అందురే గాని, ఇంట పెరటిలోని పొయ్యి నెవరు అనుమానింతురు?

ఎంత సీసము ప్రమాదకరమని అడుగుదురు. సురక్షితమని చెప్పదగిన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. డెసిలీటరు రక్తమునకు 5 మైక్రోగ్రాములు కనబడినచో సీసము ఎచ్చటనుండి వచ్చుచున్నదో వెదకి మాన్పవలెనని 2021లో వెలువరించిన సూచనలలో అది తెల్పినది. ఈ లెక్కను ఇంటిలెక్కగా చూతము. మూడు నాలుగేండ్ల బిడ్డ దేహమున రక్తము ఒక లీటరు చిల్లర. అందు మొత్తము సీసము 50 మైక్రోగ్రాముల పైచిలుకు, అనగా గ్రాములో ఇంచుమించు ఇరువదివేలవ వంతు. ఎనిమిది గ్రాముల గుండు ఒకటి పోసినవాని చొక్కా మడతలో ఇంతకంటె అధికముగనే నిలువవచ్చును.

మన దేశమున సీసము కలిపిన పెట్రోలు అమ్మకము 2000 సంవత్సరములో నిలిచినది. ఆ తరువాత గాలిలోని సీసము తగ్గినది. ఇంటిలోని సీసమునకు అట్టి ఉత్తరువు ఇచ్చువారు ఇంటివారే. 2020 డిసెంబరులో ఏలూరు పట్టణమున ఆకస్మికముగా మూర్ఛలు వ్యాపించినప్పుడు, ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షించిన రక్తములో సీసము, నికెలు కనబడినవి. పిదప నిపుణుల దృష్టి పురుగుమందులవైపు మరలినది. ఆ వారమున తెలుగు పత్రికలన్నియు సీసమును గూర్చి వ్రాసినవి. అట్టి కలకలమేమియు లేకయే సీసము తన పని చేసికొనిపోగలదను మాట మాత్రము మరుగున పడినది.

లైసెన్సు గలవారికిని, వలగుండ్లు పోయు జాలరులకును మేము చెప్పగలిగినది ఇంతే. వంటయింటను, వసారాలోను ఈ పని వలదు. ఆరుబయట, గాలి వీపువైపునుండి వీచునట్లు నిలువవలెను. మూకుడు, గరిటె దానికే వేరుగా నుండవలెను. తోమినంత మాత్రమున అవి మరల వంటకు పనికిరావు. తమిళము వినబడు మన సరిహద్దు పల్లెలలో తగరమునకును సీసమునకును ఈయమనియే వాడుక. చారు కాచెడు ఈయపుచెంబు తగరపుది. ఈ పేరు చూచి సీసమునుకూడ పొయ్యి చేరనీయరాదు. తడి తగిలిన ముక్కను కరగిన సీసములో వేయరాదు, అది చిమ్మి కన్ను పోగొట్టును. తెట్టును మూతగల డబ్బాలో ఉంచవలెను గాని పెంటకుప్పపై గాని బావిగట్టున గాని పోయరాదు. నేలను తడిగుడ్డతో తుడువవలెను. పని ముగియగనే సబ్బుతో చేతులు, ముఖము కడిగి, బట్టలు మార్చి, ఆ బట్టలను బిడ్డల బట్టలతో కలుపక ఉతుకవలెను. ముక్కునకు కట్టిన తువాలు ఈ సన్నని ధూళిని ఆపదు. రేంజిలో పొడిచీపురు వాడనీయరాదు.

అనుమానము కలిగినచో తెలిసికొనుటకు రక్తపరీక్ష తప్ప వేరు దారి లేదు. వైద్యుని యొద్ద ఇంటిపనిని దాచరాదు. బిడ్డ పాలిపోయి యున్నాడని ఇనుపమాత్రలు వ్రాయు వైద్యునకు, ఆ ఇంట సీసము కరగుచున్నదని ఎవరైన చెప్పిననే గదా రక్తములో సీసము చూడవలెనని తోచును. బిడ్డల రక్తమున 45 మైక్రోగ్రాములు మించినప్పుడు సీసమును పట్టి మూత్రమున వెడలించు మందులు కలవు. ఆసుపత్రిలో ఆ మందిచ్చి, సీసము తగ్గించి, బిడ్డను మరల అదే నేలపైకి పంపినచో కొలది వారములలో లెక్క మరల పైకెక్కును. అందుచేత వైద్యుడు మందునకు ముందు ఇంటిని గూర్చి అడుగును.