లింకు తెగితే తక్‌పట్టీలో నిన్నటి ధర
ఎక్సెల్ ఫైళ్ళతో లెక్కలు చేసే వర్తకులు సరిచూసుకోవలసిన అంశాలు

మిర్చి వ్యాపారంలో ధర ఒకచోట, తూకం మరొకచోట, లెక్క వేరొకచోట తేలడం పూర్వం నుంచీ వున్నదే. పాటలో ఖాయమైన ధరను చీటీ మీద, తూకాన్ని కాటా పుస్తకంలో రాసుకుని, రెంటినీ ఎదురుగా పెట్టుకుని గుమాస్తా తక్‌పట్టీ రాసేవాడు. లెక్కలను కంప్యూటరు మీదకు మార్చుకున్న అడ్తి దుకాణాల్లో ఇవే మూడు వేర్వేరు ఎక్సెల్ ఫైళ్ళుగా వుండటం కద్దు. ధరల ఫైలులో లాట్ నంబరు వారీగా ధర, కాటా ఫైలులో బస్తాలు, బరువు పడతాయి. తక్‌పట్టీ ఫైలు ఆ రెంటి నుంచి లింకుల ద్వారా అంకెలు తెచ్చుకుని రైతుకు రావలసిన సొమ్ము తేలుస్తుంది.

ఈ ఏర్పాటు సవ్యంగా నడిచినంత కాలం ఇబ్బంది లేదు. నడవనప్పుడు వచ్చే చిక్కు ఏమిటంటే, లింకు తెగినట్లు తెలియకుండానే లెక్క పూర్తవుతుంది. ఉదాహరణకు ఒక రైతు 30 బస్తాలు తెచ్చాడు, బరువు 12 క్వింటాళ్ళు, ఆ లాట్‌కు పాటలో రూ. 18,200 పలికింది అనుకుందాం. నిన్న అదే నంబరు లాట్‌కు పలికిన ధర రూ. 17,600. తక్‌పట్టీలో నిన్నటి ధరే పడితే రైతుకు రూ. 7,200 తక్కువ ముడుతుంది. మార్కెట్ తగ్గిన రోజున అంతే సొమ్ము దుకాణం నష్టపోతుంది. రైతు సొమ్ము తీసుకుని వూరు చేరిన తర్వాత దిద్దుబాటు ఏ పక్షానికీ సులభం కాదు.

లింకులో వుండేది ఏమిటి?

లింకు గల గడిలో నిజానికి రెండు వుంటాయి. ఒకటి చిరునామా: ఏ డ్రైవు, ఏ ఫోల్డరు, ఏ ఫైలు, ఏ షీటు, ఏ గడి అన్నది. రెండవది, కిందటిసారి ఆ చిరునామాకు వెళ్ళినప్పుడు దొరికిన అంకె నకలు. అసలు ఫైలు అందినప్పుడు ఎక్సెల్ కొత్త అంకె తెస్తుంది. అందనప్పుడు చాలా సందర్భాల్లో పాత నకలునే చూపుతుంది. గడిలో అంకె కనిపించినంత మాత్రాన లింకు పనిచేస్తున్నదని తలచరాదు.

గడిలో రెఫ్ అనో, వాల్యూ అనో తప్పు గుర్తు కనబడితే గుమాస్తాలు కంగారుపడుతుంటారు. వ్యాపారం దృష్ట్యా చూస్తే అది అంత ప్రమాదం కాదు, ఎందుకంటే తప్పు పైకి కనబడుతుంది, తక్‌పట్టీ ఆగిపోతుంది. రెఫ్ గుర్తు సాధారణంగా అసలు ఫైలులో ఆ షీటునో గడినో తీసివేసినప్పుడు వస్తుంది. రకాల వారీగా మొత్తాలు తీసే సమ్‌ఇఫ్ సూత్రం అసలు ఫైలు మూసివుంటే వాల్యూ గుర్తు చూపుతుంది. అసలు ఫైలు తెరవగానే అది సర్దుకుంటుంది. మూసివున్న ఫైలు నుంచే మొత్తాలు కావాలంటే సమ్‌ప్రోడక్ట్ సూత్రం వాడుకోవచ్చు.

గుర్తు లేని తప్పులు

అసలు భయం పాత అంకె నిశ్శబ్దంగా నిలిచిపోయినప్పుడే. దీనికి కారణాలు ముఖ్యంగా నాలుగు.

మొదటిది, ఫైలు తెరిచినప్పుడు లింకులను తాజాపరచాలా అని వచ్చే హెచ్చరికను తొందరలో తోసివేయడం. అప్పుడు పాత నకలే నిలుస్తుంది.

రెండవది, ధరల ఫైలును రోజూ కొత్త తేదీ పేరుతో సేవ్ యాజ్ చేయడం. ఆ సమయంలో తక్‌పట్టీ ఫైలు కూడా తెరిచివుంటే లింకు కొత్త పేరును పట్టుకుంటుంది. మూసివుంటే పాత ఫైలునే అంటిపెట్టుకుంటుంది. పాత ఫైలు ఇంకా ఫోల్డరులో వుంది కాబట్టి ఏ తప్పూ చూపకుండా నిన్నటి ధర తెచ్చి ఇస్తుంది.

మూడవది, ఫైళ్ళు చోటు మారడం. దుకాణంలో ఒక కంప్యూటరుకు జెడ్ డ్రైవుగా వున్నది మరొకదానికి వై డ్రైవు కావచ్చు. అప్పుడు ఒకచోట పనిచేసిన లింకు మరొకచోట పనిచేయకపోవచ్చు. ఒకే ఫోల్డరులో వున్న ఫైళ్ళను అన్నిటినీ కలిపి తరలిస్తే మాత్రం లింకులు మామూలుగా నిలుస్తాయి.

నాలుగవది, గొలుసు లింకులు. నెల ఆవర్జా ఫైలు తక్‌పట్టీ ఫైలు నుంచి, తక్‌పట్టీ ఫైలు కాటా ఫైలు నుంచి అంకెలు తీసుకుంటుంటే, ఆవర్జా ఒక్కటి తాజాపరచినందువల్ల ప్రయోజనం లేదు. మధ్యలోని తక్‌పట్టీ ఫైలును తెరిచి, తాజాపరచి, సేవ్ చేసిన తర్వాతనే ఆవర్జా తెరవాలి. వరుస ఎప్పుడూ కాటా నుంచి ఆవర్జా వైపుకే.

వరుస జరిగితే

పాత ధర కాక పక్కవాడి ధర పడే ప్రమాదం కూడా వున్నది. మరచిన లాట్ ఒకటి గుర్తుకువచ్చి ధరల ఫైలు మధ్యలో ఒక వరుస చేర్చారనుకుందాం. రెండు ఫైళ్ళూ తెరిచివుంటే లింకు తనంతట తానే సర్దుకుంటుంది. తక్‌పట్టీ ఫైలు మూసివుంటే సర్దుకోదు. 14వ లాట్ గడిని చూస్తున్న లింకుకు ఇప్పుడు 13వ లాట్ ధర దొరుకుతుంది. అంకె నమ్మదగినట్లే వుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

వరుసలు తప్పితే నష్టం ఎంత దూరం పోతుందో చెప్పడానికి 2003లో కెనడాకు చెందిన ట్రాన్స్‌ఆల్టా విద్యుత్ కంపెనీ వుదంతం చాలు. న్యూయార్క్ విద్యుత్ ప్రసార కాంట్రాక్టులకు బిడ్లు వేసేటప్పుడు ఎక్సెల్ పట్టికలో అంకెలు కోసి అతికించడంలో వరుసలు తారుమారయినవి. అనుకున్నదానికంటే ఎక్కువ కాంట్రాక్టులు, ఎక్కువ ధరకు ఆ కంపెనీ నెత్తిన పడి, 2 కోట్ల 40 లక్షల డాలర్ల నష్టం వచ్చింది. అది చేతితో అతికించిన తప్పు. లింకు కూడా అదే తప్పు చేయగలదు.

దీనికి విరుగుడు గడి చిరునామాతో కాక లాట్ నంబరుతో ధరను వెతికించడం. వీలుకప్ సూత్రం ఈ పని చేస్తుంది, అసలు ఫైలు మూసివున్నా పనిచేస్తుంది. అయితే చివరి అంశంగా సున్న వేసి, నంబరు సరిగ్గా కలిస్తేనే ధర ఇవ్వమని చెప్పాలి. అది వేయకపోతే లేని లాట్‌కు దగ్గరలోని మరో లాట్ ధర తెచ్చిపెట్టే అవకాశం వుంది.

వెతకవలసిన క్రమం

అంకె మీద అనుమానం కలిగితే ముందుగా ఆ గడిపై నిలిచి పై వరుసలో సూత్రాన్ని చదవాలి. చదరపు బ్రాకెట్లలో వున్నదే అసలు ఫైలు పేరు. అది నేటి ఫైలేనా, ఫోల్డరు సరైనదేనా అన్నది చూడాలి. తర్వాత డేటా మెనూలోని ఎడిట్ లింక్స్ తెరవాలి. కొత్త ఎక్సెల్‌లో దీని పేరు వర్క్‌బుక్ లింక్స్. ఫైలు ఆధారపడిన ఇతర ఫైళ్ళ జాబితా అక్కడ వస్తుంది. చిరునామా తప్పయితే ఛేంజ్ సోర్స్ ద్వారా సరయిన ఫైలు చూపాలి. ఏ గడిలోనూ కనబడని లింకు జాబితాలో వుంటే, పేరు పెట్టిన గడుల్లోనో, గ్రాఫుల్లోనో, డేటా వ్యాలిడేషన్‌లోనో వెతకాలి.

అదే జాబితాలో బ్రేక్ లింక్ అనే మీట కూడా వుంటుంది. హెచ్చరికల బాధ వదులుతుందని దాన్ని నొక్కేవారున్నారు. నొక్కితే సూత్రాలన్నీ పోయి, ఆ క్షణంలో వున్న అంకెలే శాశ్వతంగా మిగులుతాయి, వెనక్కు తీసుకునే వీలు లేదు. నెల ముగిసిన ఆవర్జాను భద్రపరచడానికి, అదీ వేరే నకలు మీద మాత్రమే, దాన్ని వాడటం మంచిది.

తేదీ గడి

రోజువారీ కాపలాకు ఖర్చు లేని పద్ధతి ఒకటి వున్నది. ధరల ఫైలు మొదటి గడిలో గుమాస్తా ప్రతిరోజూ ధరలన్నీ వేసిన తర్వాత ఆనాటి తేదీని చేత్తో టైపు చేయాలి. తేదీని సూత్రంతో తెప్పించకూడదు, ధరలు వేయకున్నా అది నేటి తేదీ చూపవచ్చు. ఆ గడిని తక్‌పట్టీ ఫైలుకు లింకు చేసి, అది నేటి తేదీతో కలవకపోతే సొమ్ము గడిలో అంకెకు బదులు ‘పాత ధర’ అని పడేటట్లు ఇఫ్ సూత్రం వేసుకోవాలి. లింకు తెగితే తేదీ కూడా పాతదే వస్తుంది కాబట్టి తప్పు అక్కడే బయటపడుతుంది. కాటా ఫైలుకు కూడా ఇదే ఏర్పాటు చేసుకోవాలి.

పొరపాటున వరుస జరిగితే తేదీ పట్టదు. అందుకని సొమ్ము చెల్లించే ముందు రోజుకు రెండు మూడు లాట్లనైనా పాట చీటీతో, కాటా చీటీతో కలిపి చూసుకోవడం దుకాణానికీ, రైతుకూ క్షేమకరం.