క్వార్టరు ఖాళీ చేస్తేనే గ్రాట్యుయిటీ... గ్రాట్యుయిటీ వస్తేనే ఇల్లు!

ఖరగ్‌పూర్‌లో సొంత గూటి కోసం తెలుగు రైల్వే కుటుంబాల వేట

ఖరగ్‌పూర్: రైల్వే ఉద్యోగి పదవీ విరమణ రోజున మెడలో పూలదండ, చేతిలో జ్ఞాపిక, ఇంటి గుమ్మం దాకా సహోద్యోగుల సాగనంపు ఉంటాయి. మర్నాటి నుంచి మొదలయ్యేది గడువు లెక్క. విరమణ తర్వాత రైల్వే క్వార్టరులో 4 నెలలు మామూలు అద్దెపై ఉండవచ్చు. అనుమతి లభిస్తే మరో 4 నెలలు రెట్టింపు లైసెన్సు రుసుముపై కొనసాగవచ్చు. అది దాటితే నివాసం అనధికారికమవుతుంది. నష్టపరిహారపు అద్దె పడుతుంది. ముప్పై ఏళ్లు కాపురమున్న గడప దాటి మరో గడప వెతుక్కోవడానికి పశ్చిమ బెంగాల్‌లోని ఈ పట్టణంలో ఒక కుటుంబానికి దక్కే వ్యవధి ఎక్కువలో ఎక్కువ 8 నెలలన్నమాట.

ఖరగ్‌పూర్ తెలుగువారికి ఇది ఏదో ఒక ఇంటి సమస్య కాదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి తాతల కాలంలో వలస వచ్చి, తరాల తరబడి రైల్వే కప్పు కింద బతికిన సమాజం వారిది. రైలు బండిపై, పట్టాలపై, వర్క్‌షాపు యంత్రాలపై ఆయుష్షు ధారపోసిన కుటుంబాల్లో చాలావాటికి సొంతమని చెప్పుకోవడానికి గజం నేల లేకపోవడం ఈ కథలోని అసలు విషాదం.

నాలుగు తరాల అద్దె ఇల్లు

1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 20వ శతాబ్ది ఆరంభంలో ఖరగ్‌పూర్‌ను తన ప్రధాన జంక్షన్లలో ఒకటిగా, వర్క్‌షాపు కేంద్రంగా తీర్చిదిద్దింది. హౌరా నుంచి మద్రాసు వెళ్లే దారి ఇక్కడి నుంచే సాగడంతో కళింగాంధ్ర పల్లెల నుంచి కూలీలు, ఫిట్టర్లు, ఫైర్‌మన్లు వరుసగా తరలివచ్చారు. వారికోసం రైల్వే సంస్థే ఇళ్లు కట్టింది, వీధులు వేసింది, ఆసుపత్రి నడిపింది. ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్, మథురాకాటి, నిమ్‌పురా వంటి పేటల్లో నేటికీ తెలుగు పలుకు వినిపిస్తుంది.

ఇంటి అవసరాన్ని కొలువే తీర్చినప్పుడు ఆ కొలువు పోతే ఇల్లూ పోతుందన్న భయం ఎప్పుడూ వెన్నంటే ఉండేది. 1927-28 ప్రాంతంలో ఉద్యోగుల తొలగింపునకు వ్యతిరేకంగా బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికులు సాగించిన పోరాటానికి నాయకత్వం వహించినవారిలో తర్వాతి కాలంలో రాష్ట్రపతి పదవిని అధిష్ఠించిన వి.వి.గిరి ఒకరు. ఆ రోజుల నుంచీ రైల్వే కార్మికునికి జీతంతోపాటు తలదాచుకొనే చోటు కూడా ఉద్యోగంతో ముడిపడిన విషయమే.

ఆ ముడి తరం నుంచి తరానికి అందుతూ వచ్చింది. తండ్రితోపాటు అదే క్వార్టరులో నివసిస్తున్న కుమారుడు రైల్వేలో ఉద్యోగి అయి, ఇంటి అద్దె భత్యం తీసుకోకుండా ఉంటే, అర్హతను బట్టి తండ్రి విరమణ తర్వాత క్వార్టరును అతని పేరిట క్రమబద్ధం చేసే వెసులుబాటు నిబంధనల్లో ఉంది. తండ్రి పోయినా, విరమించినా కుండ అదే పొయ్యి మీద ఉడికేది. ఇల్లు కొనవలసిన తొందర ఎవరికీ కలగలేదు. ఉన్నంతలో ఆడపిల్లల పెళ్లిళ్లు, మగపిల్లల చదువులు, సొంతూళ్లో అన్నదమ్ముల అవసరాలు తీరితే చాలుననుకున్నారు.

తెగిన రెండు దారులు

గత రెండు దశాబ్దాల్లో ఈ భరోసాకు రెండు చోట్ల గండి పడింది. 2003 ఏప్రిల్ 1న తూర్పు కోస్తా రైల్వే పనిచేయడం ప్రారంభించడంతో వాల్తేరు డివిజన్ ఆగ్నేయ రైల్వే నుంచి విడిపోయింది. అంతకు ముందు ఖరగ్‌పూర్, వాల్తేరు ఒకే జోన్. విరమణకు కొన్నేళ్ల ముందు సొంత గడ్డకు బదిలీ కోరుకోవడం ఆనాడు ఇంటి వ్యవహారం వంటిది. అది ఇప్పుడు జోన్ మారే బదిలీ. సొంత అభ్యర్థనపై వెళ్లేవారు కొత్త చోట సీనియారిటీ వరుసలో చివరన నిలబడాలి.

రెండవది వారసుల కొలువు. భద్రతా విభాగాల సిబ్బంది ముందుగా విరమిస్తే వారి సంతానానికి ఉద్యోగం ఇచ్చే లార్స్‌గెస్ పథకం న్యాయస్థానంలో నిలవలేదు. 2018లో రైల్వే దానికి స్వస్తి పలికింది. పోటీ పరీక్షల దారి తప్ప వేరు దారి లేకపోవడంతో నేటి యువకులు హైదరాబాద్, బెంగళూరు, కోల్‌కతాల ప్రైవేటు ఉద్యోగాలకు మళ్లుతున్నారు. కుమారుడు రైల్వేలో లేనప్పుడు క్వార్టరు కుటుంబంలో నిలిచే ప్రశ్నే ఉదయించదు. తాత, తండ్రి కొనకుండా దాటవేసిన ఇంటిని మూడవ తరమో, నాలుగవ తరమో ఒక్కసారిగా, అదీ 60వ ఏట కొనవలసివస్తోంది.

చిక్కుముడి ఎక్కడ?

కొనుగోలుకు కావలసిన సొమ్ము లేదా అంటే ఉంది. అయితే అది చేతికందే తీరులోనే చిక్కుంది. రైల్వే సర్వీసుల పింఛను నిబంధనలు, 1993 ప్రకారం విరమించిన ఉద్యోగి క్వార్టరు ఖాళీ చేయనంతవరకు గ్రాట్యుయిటీ మొత్తాన్ని నిలిపి ఉంచుతారు. తాళాలు అప్పగించి, విద్యుత్ బకాయిలు వంటివి తేలాకే ఆ సొమ్ము విడుదలవుతుంది. అనధికారికంగా ఉన్న ప్రతి నెలకూ ఒక సెట్టు ఉచిత ప్రయాణ పాసు కూడా కోత పడుతుంది. గ్రాట్యుయిటీ గరిష్ఠ పరిమితి 2024 జనవరి 1 నుంచి 25 లక్షల రూపాయలు. అంత కాకపోయినా కింది స్థాయి ఉద్యోగికి సైతం జీవితంలో ఒకేసారి అందే పెద్ద మొత్తాల్లో అది ఒకటి.

ఇల్లు కొంటే గానీ క్వార్టరు ఖాళీ చేయలేడు. క్వార్టరు ఖాళీ చేస్తే గానీ ఇల్లు కొనే సొమ్ము రాదు. ఈ రెండింటి నడుమ పడినవారు ముందు అద్దె ఇంటికి మారి, గ్రాట్యుయిటీ చేతికి వచ్చాక బేరాలకు దిగుతారు. మరికొందరు భవిష్యనిధి, సెలవుల నగదు, పింఛనులో 40 శాతం వరకు అమ్ముకోగా వచ్చే సొమ్ము కలిపి అడ్వాన్సు చెల్లించి, మిగతాది గ్రాట్యుయిటీ రాగానే ఇస్తామని ఒప్పందం చేసుకొంటారు. అనుకున్న తేదీకి సొమ్ము విడుదల కాకపోతే ఆ అడ్వాన్సుకే ఎసరు.

సర్వీసులో ఉండగా ఇల్లు కొన్నవారికి ఈ గండం లేదు. ఇంటి కొనుగోలుకు భవిష్యనిధి నుంచి సొమ్ము తీసుకోవచ్చు. ఇంటి నిర్మాణ అడ్వాన్సు కింద 34 నెలల మూల వేతనం, గరిష్ఠంగా 25 లక్షల రూపాయల వరకు పొందే వీలుంది. అయితే వాయిదాలు తీర్చే వ్యవధి మిగలాలంటే ఈ నిర్ణయం నలభైలలో జరగాలి. ఆ వయసులో క్వార్టరు నీడ చల్లగా ఉంటుంది; నిర్ణయం వాయిదా పడుతుంది.

అమ్మేవారి చేతిలో క్యాలెండరు

రైల్వే భూమిని విడిచిపెడితే అమ్మకానికి దొరికే చోట్లు పట్టణంలోని పాత పేటలు, చుట్టూ పెరుగుతున్న కొత్త కాలనీలే. ఇందా, మాలంచ, ఝాపేటాపూర్, సుభాష్‌పల్లి, భవానీపూర్, ఖరీదా వంటి పేర్లు బేరాల్లో తరచు వినిపిస్తాయి. ఖరీదా పేరు వినగానే తెలుగువారికి గుర్తుకొచ్చే ఖరీదు మాట నేడు అన్ని పేటలకూ వర్తిస్తుంది.

ఇక్కడ విశ్రాంత రైల్వే ఉద్యోగి ఒంటరి కొనుగోలుదారు కాడు. 1951లో హిజ్లీలో నెలకొన్న ఐఐటీ చుట్టూ ప్రేమ్‌బజార్, తాల్‌బాగిచా వైపు అద్దెలకిచ్చే ఉద్దేశంతో కొనేవారున్నారు. జాతీయ రహదారి వెంబడి వెలసిన పరిశ్రమల ఉద్యోగులున్నారు. పిల్లల చదువుల కోసం పరిసర గ్రామాల నుంచి పట్టణానికి మారే రైతులు, వ్యాపారులు ఉన్నారు. వీరెవరికీ గడువు లేదు. ఈ ఏడు కుదరకపోతే వచ్చే ఏడు కొంటారు. విశ్రాంత ఉద్యోగికి ఆ వెసులుబాటు లేదు. అతని విరమణ తేదీ వీధికంతా తెలుసు. చేతికొచ్చే సొమ్ము ఎంతో దళారి వేళ్లపై లెక్కగట్టగలడు. బేరంలో అమ్మేవారికి ఇంతకు మించిన ఆయుధం అక్కరలేదు. నాలుగో నెలలో కుదరని ధరకు ఏడో నెలలో తల ఊపక తప్పని పరిస్థితి ఏర్పడుతుంది.

కఠా ఎంత? పర్చా ఏమిటి?

తెలుగు కొనుగోలుదారునికి మరో అడ్డంకి కొలతలు, కాగితాలు. బెంగాల్‌లో స్థలాన్ని కఠాల్లో చెబుతారు. ఒక కఠా 720 చదరపు అడుగులు, అంటే 80 గజాలు. రికార్డుల్లో వాడే డెసిమల్ 435.6 చదరపు అడుగులు. సరిగ్గా మన సెంటు. రెండు కఠాల స్థలమంటే 160 గజాలు, మూడు సెంట్లకు కాస్త ఎక్కువ.

మన సర్వే నంబరు వంటిది ఇక్కడి దాగ్ నంబరు. ఖాతా వంటిది ఖతియాన్. హక్కుల రికార్డు నకలే పర్చా. సంచకారం ఒప్పందాన్ని బాయ్‌నా అని, దస్తావేజును దలీల్ అని అంటారు. బెంగాలీ ధారాళంగా మాట్లాడగలిగిన తెలుగు పెద్దల్లో సైతం ఆ లిపి చదవలేనివారు ఉన్నారు. పర్చాలు బెంగాలీలో ఉండటంతో వారు దళారి చదివి చెప్పినదే నమ్మవలసివస్తోంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించాలని నిర్ణయించింది. ఆ గౌరవం స్థిరాస్తి కాగితాల దాకా వచ్చిననాడు అసలు మేలు జరుగుతుంది.

చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. పర్చాలో భూమి స్వభావం వాస్తు అని ఉందా, శాలి అనగా వరి పొలమని ఉందా అన్నది మొదటి ప్రశ్న. పొలమైతే భూసంస్కరణల చట్టం కింద మార్పిడి ఉత్తర్వు ఉండాలి. పుకుర్ అని ఉంటే అది చెరువు. పూడ్చిన చెరువుపై ఇల్లు చట్టరీత్యా చిక్కులకు నెలవు. రిజిస్ట్రేషన్ ముగిసినంత మాత్రాన పని పూర్తి కాదు. భూసంస్కరణల కార్యాలయంలో ఒకటి, మునిసిపాలిటీలో ఒకటి, రెండు చోట్లా పేరు మార్పిడి జరగాలి. పట్టణ ప్రాంతంలో స్టాంపు సుంకం సాధారణంగా 6 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం. 30 లక్షల ఆస్తి అనుకుంటే ఈ రెండింటికే 2 లక్షల 10 వేల రూపాయలు విడిగా ఉంచుకోవాలి.

బయటివారు సాధారణంగా ఎరుగని నిబంధన మరొకటి ఉంది. పశ్చిమ బెంగాల్ భూసంస్కరణల చట్టం, 1955లోని 8వ సెక్షన్ ప్రకారం, ఒక దాగ్‌లో కొంత భాగాన్నో, వాటానో కొత్తవారికి అమ్మినప్పుడు సహ వాటాదారు గానీ, హద్దు పంచుకొనే పొరుగు భూయజమాని గానీ నిర్ణీత గడువులోగా కోర్టుకెక్కి ఆ భూమిని తనకే ఇప్పించమని కోరవచ్చు. పొరుగువారి విషయంలో ఈ గడువు 4 నెలలు. అలా కోరేవారు కొనుగోలు ధర మొత్తం, దానిపై 10 శాతం ముందుగానే జమ చేయవలసిందేనని సుప్రీంకోర్టు 2019లో బరాసత్ కంటి ఆసుపత్రి కేసులో స్పష్టం చేసింది. ఉమ్మడి ఆస్తిలో ముక్క కొనేవారు వాటాదారులందరి సమ్మతి ముందే పత్రంపై తీసుకోవడం ఇందుకే అవసరం.

ఫ్లాట్లు కొనేవారికి 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం కొంత అండ. పశ్చిమ బెంగాల్ తెచ్చుకున్న ప్రత్యేక చట్టాన్ని 2021 మేలో సుప్రీంకోర్టు కొట్టివేయడంతో రాష్ట్రంలో కేంద్ర చట్టం అమలులోకి వచ్చింది. ఆ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు లేదా 8 ఫ్లాట్లు దాటిన నిర్మాణాలు నమోదు కావాలి; ఈ పరిమితిని రాష్ట్రాలు ఇంకా తగ్గించవచ్చు. బిల్డరును నమోదు సంఖ్య అడగడం కొనేవారి హక్కు.

చవక బేరం... నిలవని నీడ

ధరలకు తట్టుకోలేనివారికి ఎదురయ్యే ప్రమాదకర ప్రలోభం రైల్వే భూమిపై వెలసిన ఇళ్లు. చేతి కాగితంపై స్వాధీనాన్ని అమ్ముతారే తప్ప హక్కును అమ్మలేరు. ప్రభుత్వ ఆవరణల నుంచి అనధికారిక నివాసులను తొలగించే 1971 నాటి చట్టం ఎప్పుడైనా తలుపు తట్టవచ్చు. జీవితమంతా రైల్వే ఇంట్లో ఉన్న మనిషి వృద్ధాప్యంలో రైల్వే భూమి నుంచే గెంటివేతకు గురికావడం కంటే దుస్థితి ఉండదు.

ఉండటమా, వెళ్లడమా?

ఈ లెక్కలన్నీ చూసి సొంతూరికి మళ్లుదామనుకొనేవారూ ఉన్నారు. పింఛను ఏ ఊరి బ్యాంకులోనైనా తీసుకోవచ్చు. శ్రీకాకుళం, విజయనగరాల్లో భాష మనది, కాగితం మన లిపిలో ఉంటుంది. అయితే తాత విడిచి వచ్చిన ఊళ్లో పలకరించేవారు తగ్గారు. ఇక్కడ రైల్వే ఆసుపత్రి అందుబాటులో ఉంది, ఇరుగుపొరుగు స్నేహాలున్నాయి, ఏటా కలిసి చేసుకొనే అమ్మవారి పూజ ఉంది. పుట్టి పెరిగిన పిల్లలకు ఖరగ్‌పూరే సొంతూరు. భార్యాభర్తల మధ్య సైతం ఈ విషయంలో మాట కలవని ఇళ్లు లేకపోలేదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న సామెత ఉంది. ఇక్కడి విశ్రాంత ఉద్యోగి ఆ రెండు పరీక్షలనూ తరచు ఒకే గ్రాట్యుయిటీతో నెగ్గవలసి ఉంటుంది. ఇల్లు కొనుగోలు ఒప్పందాన్ని, రిజిస్ట్రేషన్ తేదీని చూపినవారికి గ్రాట్యుయిటీలో కొంత భాగాన్ని నేరుగా అమ్మకందారు ఖాతాకు ముందే విడుదల చేసే ఏర్పాటు ఉంటే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది. క్వార్టరు ఖాళీ అవుతుందన్న హామీ రైల్వేకు దక్కుతుంది. గడువు చూసి ధర పెంచే అవకాశం అమ్మేవారికి తగ్గుతుంది. అంతవరకు ఉద్యోగి చేయగలిగింది ఒక్కటే. ఇంటి వెతుకులాటను పూలదండ పడ్డ మర్నాడు కాక, పదేళ్ల ముందే మొదలుపెట్టడం.