నల్ల తేనెటీగ జన్యుపటం

పిరనీస్ పర్వతాల నుంచి ఉరల్ పర్వతాల దాకా, ఉత్తర, పశ్చిమ ఐరోపా అంతటా ఒకప్పుడు మసలిన తేనెటీగ ఉపజాతి నల్ల తేనెటీగ, శాస్త్ర పరిభాషలో ఏపిస్ మెల్లిఫెరా మెల్లిఫెరా. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో ఐల్ ఆఫ్ వైట్ ద్వీపంలో తలెత్తిన తెగులు బ్రిటన్‌లోని తేనెపట్టులను ఊడ్చిపెట్టగా, ఆ లోటు పూడ్చడానికి ఇతర దేశాల నుంచి ఈగలను తెప్పించారు. దేశవాళీ ఈగ పూర్తిగా అంతరించిందనే అభిప్రాయం అప్పటి నుంచి స్థిరపడింది. బక్‌ఫాస్ట్ మఠంలో తేనెటీగలను పెంచి ప్రసిద్ధుడైన బ్రదర్ ఆడమ్ కూడా అలాగే నమ్మాడు.

ఆ నమ్మకాన్ని పరీక్షించడానికి కంటిచూపు చాలదు. రాణి ఈగ ఆకాశంలో ఎగురుతూ పది, ఇరవై పోతుటీగలతో జతకూడుతుంది కనుక, పొరుగు తోటలోని దిగుమతి ఈగల సంతతి ఎంత కాపలా కాసినా పట్టులో చేరుతుంది. పెంపకందార్లు రెక్కను భూతద్దం కింద పెట్టి, ఈనెల మధ్య దూరాలు కొలిచి జాతిని తేల్చేవారు గాని, సంకరం జరిగి కొన్ని తరాలు గడిచాక రెక్క ఒకటి చెప్పవచ్చు, జన్యువులు మరొకటి చెప్పవచ్చు. (తెలుగునాట తొర్రలలో పట్టుపెట్టే దేశవాళీ ఈగ ఏపిస్ సెరానాకు ఈ చిక్కు లేదు, అది వేరే జాతి కావడం వల్ల దిగుమతి మెల్లిఫెరాతో దానికి సంకర సంతానం కలగదు.)

డీఎన్ఏలోని నాలుగు రకాల రసాయన అక్షరాలు ఏ వరుసలో ఉన్నాయో మొదటి నుంచి చివరి దాకా చదివి నమోదు చేయడమే జన్యుక్రమ నిర్ధారణ. తేనెటీగ జన్యుక్రమం 2006లో తొలిసారి వెలువడింది. 16 క్రోమోజోముల మీద సుమారు 23 కోట్ల అక్షరాలు లెక్కకు వచ్చాయి. అయితే అందుకు తీసుకున్నది అమెరికాలో పెంచిన, ఇటలీ ఈగల సంతతి ప్రధానంగా గల వంగడం. యంత్రం డీఎన్ఏను ముక్కలుగానే చదువుతుంది కాబట్టి, నల్ల ఈగ ముక్కలను ఆ ప్రామాణిక క్రమంతో సరిపోల్చి పేర్చినప్పుడు, ఇటలీ ఈగలో లేని భాగాలు ఎక్కడా అతకక లెక్క తప్పిపోతాయి. నల్ల ఈగకు సొంత ప్రామాణిక క్రమం అవసరమైంది అందుకే. దానిని ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు సిద్ధం చేశారు.

ఇటువంటి పనికి పోతుటీగ ఎంతో అనువైనది. ఫలదీకరణ చెందని గుడ్డు నుంచి పుట్టడం వల్ల దానికి తండ్రి లేడు, క్రోమోజోములు జతలుగా కాక ఒక్కొక్కటే ఉంటాయి. అందువల్ల తల్లి అక్షరమేదో తండ్రి అక్షరమేదో విడదీసే తలనొప్పి ఉండదు. ఫ్రాన్స్ బృందం 2022లో ప్రచురించిన అధ్యయనం 870 పోతుటీగల జన్యుక్రమాలతో జరిగింది. జన్యు పరీక్షల వల్ల ఐర్లండులో కల్తీ చాలా స్వల్పంగా ఉన్న నల్ల ఈగలు నేటికీ విస్తారంగా ఉన్నాయని తేలగా, ఐరోపాలో రక్షిత స్థావరాలుగా పేరుపడిన కొన్నిచోట్ల గణనీయమైన సంకరం బయటపడింది.

స్వచ్ఛతే లక్ష్యమైతే మరో ప్రమాదం పొంచి ఉంది. తేనెటీగలో లింగాన్ని నిర్ణయించే జన్యువుకు అనేక రూపాలున్నాయి. రాణికి ఉన్న రెండు రూపాలలో ఒకటి జతకూడిన పోతుటీగలోనూ ఉంటే, ఆ కలయికలో ఫలదీకరణ చెందిన గుడ్లలో సగం ఆడవి కావలసింది మగవవుతాయి. గుడ్డు నుంచి బయటికి వచ్చిన కొన్ని గంటలకే కూలి ఈగలు ఆ పిల్లపురుగులను తినేస్తాయి, పిల్లల పట్టులో అక్కడక్కడా ఖాళీ అరలు కనిపిస్తాయి. స్కాట్లండు ప్రభుత్వం కొలన్సే ద్వీపంలో నల్ల ఈగ తప్ప మరో తేనెటీగను పెంచడం నేరమని 2013లో ఉత్తర్వు చేసింది గాని, అటువంటి చిన్న ద్వీపాలలో పట్టులు కొద్ది కావడం వల్ల, ఏ రాణి నుంచి సంతానం తీయాలో నిర్ణయించేటప్పుడు సంకరం పాలుతో పాటు ఈ ఒక్క జన్యువు రూపాలెన్ని మిగిలాయో కూడా చూడవలసి ఉంటుంది.