రాష్ట్ర ఖజానాకు రాజ్యాంగం వేసిన తాళం - దళితుల వాటా

మార్చి 31 దాటిందంటే చాలు, 'ఎస్సీ సబ్‌ప్లాన్ నిధులు మురిగిపోయాయి' అనే మాట మన సభల్లో, కరపత్రాల్లో వినపడుతుంది. డబ్బు ఏమన్నా కూరగాయా కుళ్ళిపోవటానికి? ఆ డబ్బు ఖజానాలోనే వుండి వుంటుంది, లేదా అసలు ఖజానాకే వచ్చి వుండదు. మురిగిపోయేది డబ్బు కాదు, దాన్ని ఖర్చు పెట్టుకోమని శాసనసభ ఇచ్చిన అనుమతి. ఈ తేడా పట్టుకోకపోతే ఎవర్ని ఏమని నిలదియ్యాలో మనకి తెలియదు.

రాష్ట్రానికి వచ్చే పన్నులు, తెచ్చే అప్పులు అన్నీ సంఘటిత నిధిలో పడాలని 266వ అధికరణం అంటుంది. అందులోంచి పైసా తియ్యాలన్నా శాసనసభ చేసిన ద్రవ్య వినిమయ చట్టం వుండాల్సిందేనని 204వ అధికరణం. ఆ అనుమతి ఒక్క ఆర్థిక సంవత్సరానికే. చాలకపోతే 205 కింద అనుబంధ గ్రాంటు అడగాలి. అనుమతిని మించి ఖర్చు చేస్తే, తర్వాతైనా సభ ముందుకు తెచ్చి క్రమబద్ధం చేయించుకోవాలి. ఏళ్ళ తరబడి అలా చేయించుకోని పద్దుల్ని కాగ్ ఎత్తి చూపుతూనే వుంది.

203, 207 అధికరణాల్ని మనవాళ్ళు పెద్దగా చదవరు. గవర్నర్ సిఫారసు లేకుండా, అంటే మంత్రివర్గం తలుచుకోకుండా, ఏ గ్రాంటూ అడగటానికి లేదు. సభ్యులు ఆ గ్రాంటుని ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు, తగ్గించవచ్చు. పెంచటానికి మాత్రం లేదు! సంఘటిత నిధి మీద భారం వేసే బిల్లుని కూడా గవర్నర్ సిఫారసు లేకుండా సభ ఆమోదించకూడదు. ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో 29, తెలంగాణలో 19 ఎస్సీ రిజర్వుడు స్థానాలున్నాయి. ఆ ఎమ్మెల్యేలంతా ఏకమై వాడల్లో నీళ్ళ కోసం పది కోట్లు కలపమన్నా, సవరణగా అది చెల్లదు. సాంఘిక సంక్షేమం మీద వాళ్ళు పెట్టగలిగింది కోత తీర్మానమే. మన పద్దు సరిపోలేదని చెప్పటానికి మన పద్దులోనే వంద రూపాయలు కొయ్యమని అడగాలి. ఇంగ్లండు పార్లమెంటు నుంచి తెచ్చుకున్న పద్ధతి ఇది.

అప్పులూ వాటి వడ్డీలూ, గవర్నర్ వేతనం, హైకోర్టు జడ్జీల జీతాలు, కోర్టు డిక్రీల సొమ్ము - వీటికి ఓటింగే లేదు. 202వ అధికరణం వీటిని 'ఛార్జ్‌డ్' ఖర్చు అంది. అప్పిచ్చినవాడి వడ్డీకి రాజ్యాంగం హామీ వుంది. హాస్టలు పిల్లల మెస్ బిల్లుకి లేదు. దళితుల విద్యా ఆర్థిక ప్రయోజనాల్ని ప్రత్యేక శ్రద్ధతో పెంచాలనే 46వ అధికరణం ఆదేశిక సూత్రాల్లో వుంది గనక దాన్ని పట్టుకుని కోర్టుకెళ్ళి డబ్బు రాబట్టలేం.

మొత్తం ఏర్పాటు చూస్తే కనపడేది ఇది: రాజ్యాంగం ఖర్చుకి పైకప్పు వేసింది, కింద నేల వెయ్యలేదు. వంద కోట్లు ఓటయిన చోట నూటొకటి ఖర్చు చేస్తే తప్పు. పది ఖర్చు చేసి వూరుకుంటే ఏ అధికరణమూ అడ్డం రాదు. అంబేద్కర్‌కి ఈ విషయం కొత్త కాదు. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీద 1925లో పుస్తకమే అచ్చువేశాడాయన. రాజ్యాంగ సభలో 1949లో మాట్లాడుతూ కాగ్ పదవిని న్యాయవ్యవస్థ కంటే ముఖ్యమైనదిగా చెప్పాడు. అయినా కాగ్ చూసేది ఖర్చయ్యాక. నివేదిక సభకి వచ్చేసరికి ఆ సంవత్సరం ఇంటరు చదివిన పిల్ల డిగ్రీ మానేసి కూలికి పోతూ వుంటుంది.

కింద నేల వెయ్యటానికి చేసిన ప్రయత్నమే సబ్‌ప్లాన్ చట్టం. 1979-80లో స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్ మొదలైంది గానీ అది కేంద్రం ఇచ్చిన మార్గదర్శకమే, చట్టం కాదు. కామన్‌వెల్త్ క్రీడలకి ఢిల్లీలో ఆ డబ్బు మళ్ళిన సంగతి 2010లో కేంద్ర హోంమంత్రే రాజ్యసభలో ఒప్పుకోవాల్సి వచ్చింది. మన దగ్గర ఉద్యమం నడిచి నడిచి, 2012 డిసెంబరులో శాసనసభ బిల్లు ఆమోదించింది. అది 2013లో మొదటి చట్టం అయింది. జనాభా దామాషాలో ప్రణాళికా వ్యయం నుంచి వాటా తియ్యాలి. పదేళ్ళ గడువు అయిపోతుంటే ఆంధ్రప్రదేశ్‌లో 2023 జనవరిలో ఆర్డినెన్సుతో మరో పదేళ్ళు పొడిగించారు.

చట్టంలో సందులున్నాయి. విడదియ్యటానికి వీల్లేని రోడ్లు, ప్రాజెక్టుల్లాంటి పనుల ఖర్చులో కొంత దళితులకే చేరినట్టు 'భావించవచ్చు' అన్నారు. భావించటం అనేది ఎంత సుఖమైన పని! కర్ణాటక చట్టంలో ఇలాంటిదే 7(డి) క్లాజు వుంటే, దాన్ని తీసెయ్యాలని 2023లో అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది. అదే ఏడు సబ్‌ప్లాన్ నుంచి సుమారు 11 వేల కోట్లు గ్యారంటీ పథకాలకి చూపింది కూడా. అందరికీ ఇచ్చే పెన్షన్లో ఎస్సీల వంతుని లెక్కగట్టి సబ్‌ప్లాన్‌గా చూపటం రెండో సందు. పెన్షన్ ముసలమ్మకి పౌరురాలిగా రావాల్సిందే గదా, దళితురాలైనందుకు అదనంగా వచ్చిందేమిటి?

విద్యార్థులు, టీచర్లు బడ్జెట్ పుస్తకం తెరిస్తే 789 అనే అంకె కోసం వెతకండి. ఎస్సీల వాటాకి అది మైనర్ హెడ్ (గిరిజన సబ్‌ప్లాన్‌కి 796). ప్రతి శాఖ డిమాండులో ఆ అంకె కింద ఏ పని రాశారో, అంతకు ముందు ఏడాది సవరించిన అంచనా ఎంతకి పడిపోయిందో పక్కపక్కన పెట్టి చూడండి. బడ్జెట్‌లో అంకె వున్నంత మాత్రాన డబ్బు రాదు. ఆర్థిక శాఖ బి.ఆర్.ఓ. ఇవ్వాలి, ట్రెజరీలో బిల్లు పాసవ్వాలి. పైనుంచి 'ఫ్రీజింగ్' అని నోటిమాట వస్తే వార్డెన్ పెట్టిన బిల్లు మార్చి 31 దాకా అక్కడే పడుంటుంది. కొన్నిసార్లు డబ్బుని కార్పొరేషన్ పి.డి. అకౌంటుకి మార్చి ఖర్చయినట్టు రాస్తారు. సంఘటిత నిధి నుంచి పోయినట్టే, మనిషికి మాత్రం చేరదు.

293వ అధికరణం ప్రకారం, కేంద్రానికి బాకీ వున్న రాష్ట్రం కొత్త అప్పు చెయ్యాలంటే కేంద్రం అనుమతి కావాలి. ఈ పరిమితి మీదే కేరళ వేసిన దావాని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. రాష్ట్రాల హక్కుల వాదన సరైనదే. కానీ అప్పు కట్టయినప్పుడు వడ్డీ ఆగదు, జీతాలు మహా అయితే పది రోజులు ఆలస్యమవుతాయి. మెలిపెట్టేది 789నే. దానిమీద ఏ రాష్ట్రమూ కోర్టుకి పోలేదు.

తెలంగాణ 2017లో కొత్త చట్టం చేసి, పేరు ప్రత్యేక అభివృద్ధి నిధిగా మార్చింది. ఎస్సీలకి 15.45 శాతం, ఎస్టీలకి 9.08 శాతం జనాభా దామాషా. అప్పటికి ప్రణాళిక, ప్రణాళికేతర తేడా పోయింది గనక ప్రగతి పద్దుని లెక్కకి తీసుకున్నారు. ఖర్చు కాని సొమ్ముని మరుసటి ఏడాది కలపాలనే మాట ఇందులో వుంది, 2013 చట్టంలో లేనిది. అయితే దాన్ని మొత్తం బడ్జెట్ అంచనాలో నిజంగా ఎంత ఖర్చయిందో ఆ దామాషాకి లంకె పెట్టారు. అంచనాల్ని ఉబ్బించి రాసి, అందరికీ కలిపి ముప్పావు వంతే ఖర్చు చేస్తే, మనకి పూడ్చాల్సిన లోటు కూడా ఆ మేరకి కాగితం మీద కరిగిపోతుంది. సవరణ అడగాల్సింది ముందు ఈ లంకె మీదే.