మడిచే ఇస్త్రీ బల్ల: ఎత్తు ఎంత ఉండాలె?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో చాలా మంది అమ్మలు పొద్దంతా వంగి బీడీలు చుడతరు. ఇస్త్రీ కూడా నేల మీద వంగే చేస్తే నడుము ఏం కావాలె? అందుకే ఇయ్యాల మడిచే బల్ల చూద్దాం.

రెండు జతల కాళ్లు, కత్తెర లెక్క నడుమ ఒక బోల్టు. ఒక జత పలకకు బిగించి ఉంటది, రెండోది పలక కింది గాట్లలో కూర్చుంటది. కాళ్లు దగ్గరైతే బల్ల లేస్తది, దూరమైతే దిగుతది. నిలబడి చెయ్యి వంచండి; మోచేతికి కొంచెం కిందనే పలక ఉండాలె.

జాకెట్ చేతుల కోసం ఒక కొస సన్నగ పెట్టండి. 1892లో అమెరికాలో సారా బూన్ పేటెంట్ తీసుకున్నది ఇసొంటి సన్నని, వంపు బల్లకే.

సిరిసిల్ల మగ్గాల మీద పాలిస్టర్ ఎక్కువ. పలక మీదికి మాత్రం మందపు కాటన్‌ గుడ్డే వేయండి, పాలిస్టర్ వేడికి కరుగుతది. కాలు గాటుల పడ్డదా చూసినంకనే ఇస్త్రీ పెట్టె పెట్టండి. మీ అమ్మ మోచేయి ఎత్తు ఇయ్యాలనే కొలవండి!